నీరు లేచేదాకా

మా ఇలవేల్పు మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నా గొంతులో చేపముల్లు దిగిపోవాలి.

మా అత్త వల వేసే ముందు మోచెయ్యి నీళ్లలో ముంచేది, పసిపిల్లకు నీళ్లు పోసే తల్లిలాగా. అరవైల చివర్లో ఒక చైత్రమాసంలో కళింగపట్నం నుంచి నేనూ మా అమ్మ తమ్ముడు మావయ్యా ఆమె కూతుర్ని పెళ్లిచూపులు చూడ్డానికి వెళ్లాం. సముద్రపు చేప తిని పెరిగిన మావయ్య వాళ్లూరి పెద్ద చెరువు గట్టు మీదే మూతి విరిచాడు.

"సెరువు సేపకి బురద కంపు. కూర బాగోకపోతే సంబంధం మాకొద్దు."

తెల్లవారుజాము నుంచి వలలేసిన మగాళ్లు ఉత్త చేతులతో ఒడ్డెక్కారు. "ఏటప్పా, సుట్టాలొచ్చీసినారు, వల ఎయ్యవా?" అని అత్త మీద కేకలేశారు.

ఆమె మోచెయ్యి ముంచి చూసింది. "నీరింకా లెగలేదురా. సల్లగున్నంతసేపూ సేప లోతులోనే తొంగుంటాది," అని, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట పీలుస్తూ కూర్చుంది.

ఎండకు ఒడ్డునీళ్లు వెచ్చబడ్డాక లేచి, మోకాల్లోతులో ఒక్కసారి వల విసిరింది. ఆ బొచ్చెచేపల్ని లాగడానికి నలుగురం పట్టాం. మావయ్య మూడుసార్లు కూర అడిగి వేయించుకున్నాడు.

ఇక ఒప్పుకుంటాను. పాపం, మావయ్య ఆ రోజు నోరే విప్పలేదు. బురద కంపన్నదీ నేనే, మూడుసార్లు అడిగిందీ నేనే. అంతా విని కూడా అత్త నాకు పిల్లనిచ్చింది. అది మాత్రం కల్పించడం నా వల్ల అయ్యే పని కాదు.