ఇంటర్వ్యూలో నెగ్గిన వకీలు

"ఈ దారి కాక ఇంటికి వేరే దారి ఉందా?" అని జడ్జిగారు అడిగారు. మా ఇంటి ఓనరు తరఫున నిలబడ్డ జూనియర్ వకీలమ్మ ఫైలు అటూ ఇటూ తిప్పింది. అందులో జవాబు దొరకలేదు. "ఉండొచ్చు సర్" అంది.

వెనక బెంచీలో ఉన్న ఓనరు లేచాడు. "లేదు సారూ, గా తొవ్వ తప్ప మాకు ఇంకో తొవ్వ లేదు" అన్నాడు. అటెండరు వచ్చి భుజం నొక్కి కూర్చోబెట్టాడు. తన ఇంటి గురించి మాట్లాడే పనిని ఆయన అప్పటికే సంతకం పెట్టి వేరొకరికి అప్పగించాడు మరి. పక్కన టవర్ కట్టేవాళ్లు దారిలో గోడ కట్టకుండా అంతకుముందు ఇచ్చిన తాత్కాలిక ఉత్తర్వును జడ్జిగారు ఆ పూట పొడిగించలేదు. మర్నాడు పొద్దున ఇటుకల లారీ వచ్చింది.

నేను ఆ ఇంట్లో పై అంతస్తులో కిరాయికి ఉంటాను. నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో మిగిలిన సందుల్లో మాదొకటి. అందులో సగం తమ స్థలమేనని టవర్ కట్టేవాళ్లు ప్రహరీ మొదలుపెట్టారు. అది లేస్తే సందులో మనిషి దూరతాడు గానీ నీళ్ల ట్యాంకరు పట్టదు. ట్యాంకరు రాని ఇంట్లో ఎండాకాలం ఎవరూ కిరాయికి ఉండరు. ఓనరు పొలాలు ఎప్పుడో అమ్ముడుపోయాయి. ఇప్పుడు ఆయన ఇల్లు గడిచేది మా కిరాయిల మీదే.

కేసు వేసేటప్పుడు వకీలును వెతికే బాధ్యత ఓనరు అల్లుడు తీసుకున్నాడు. అనంతపురం వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. మనుషుల్ని ఎంచుకోవడానికి అతనికి తెలిసిన పద్ధతి ఒకటే: ఫోన్లో ఒక రౌండు, వీడియోలో ఒక రౌండు, ఆఖరుది ఎదురెదురుగా. నేను పత్రికలో ఉన్నప్పుడు కొన్నేళ్లు కోర్టు వార్తలు రాశాను కాబట్టి ఆఖరి రౌండుకు నన్నూ తీసుకెళ్లారు. ప్యానెల్లో తల నెరిసినవాడు ఒకడుంటే బాగుంటుందన్నది కూడా ఒక కారణం కావచ్చు.

వకీలు ఆఫీసు కూడా ఒక అద్దాల టవర్లోనే ఉంది. గోడ పొడవునా లావాటి చట్టం పుస్తకాలు. ఒక్కదాని అట్ట కూడా నలగలేదు. అల్లుడు ల్యాప్‌టాప్ తెరిచి, మీ బలాలేమిటి, బలహీనతలేమిటి, ఒత్తిడిని ఎలా తట్టుకుంటారు అని అడుగుతూ పోయాడు. అతిగా కష్టపడడమే తన బలహీనత అన్నాడు వకీలు. అల్లుడు మెచ్చుకోలుగా తలాడించాడు. ఆ జవాబు తనూ ఎక్కడో చెప్పే ఉంటాడు. ఓనరు అడిగింది ఒక్కటే: ఈ ఆఫీసు కిరాయిదా, సొంతమా? సొంతమే అనగానే ఆయనకు నమ్మకం కుదిరింది.

కోర్టులో నిలబడేది మీరేనా అని నేను అడిగాను. "మా టీమ్ ఉంటుంది" అన్నాడు వకీలు. టీమ్ అన్న మాట వినగానే అల్లుడి మొహం వెలిగింది. ఎవరైనా వచ్చి సందు చూస్తారా అంటే వకీలు కంటే ముందు అల్లుడే అందుకున్నాడు. "లొకేషన్ పంపినాం కదా సార్, ఇంకేం చూడల్ల?"

టవర్ కట్టేవాళ్ల పనులు ఈయన ఇంతకుముందు ఏమైనా చేశాడేమో కూడా అడగమన్నాను. అట్లా అడిగితే నొచ్చుకుంటాడన్నారు. పోనీ, సంతకం పెట్టే ముందు ఒక పూట కోర్టులో వెనక కూర్చుని, ఆయన పేరున్న కేసుల్లో ఎవరు లేచి నిలబడుతున్నారో చూద్దామన్నాను. "ఆయప్ప శానా పెద్ద వకీలు సార్. పోయి పరీక్ష చేస్తే బాగుండదు" అన్నాడు అల్లుడు, మూడు రౌండ్లు పరీక్ష చేసినవాడు.

తన తరఫున ఎవరెవరు వాదించొచ్చో రాసి ఉండే వకాలత్ కాగితాల మీద పెన్సిల్‌తో టిక్కు పెట్టిన ప్రతిచోటా ఓనరు సంతకం చేశాడు. ఆయన కళ్లజోడు తేలేదు. అల్లుడి చూపు బాగానే ఉంది గానీ, ఏ యాప్‌లోనూ షరతులు చదివే అలవాటు అతనికి లేదు.

మొదటి వాయిదాకు పెద్ద వకీలు వచ్చాడు, తాత్కాలిక ఉత్తర్వు తెచ్చాడు. ఆ రాత్రి ఓనరు అందరికీ బిర్యానీ తెప్పించాడు. ఆ తర్వాత పెద్ద వకీలును మేం కోర్టులో చూడలేదు. ఆ జూనియర్ అమ్మాయిని నేను తప్పుపట్టను. ఆమెకు ఆ పొద్దునే వరండాలో ఫైలు చేతికొచ్చింది. మా సందు ఏ పక్క ఉందో కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఉత్తర్వు పోయిన సాయంత్రం ముగ్గురం వకీలు ఆఫీసుకు వెళ్లాం. కాఫీ ఇచ్చారు.

"మేం మాట్లాడింది మీతో కదా సార్. మీరెందుకు రాలేదు?" అన్నాడు అల్లుడు.

వకీలు కోపం తెచ్చుకోలేదు. "మీ కంపెనీలో క్లయింటుతో మాట్లాడేది మీరు. కోడ్ రాసేది కూడా మీరేనా?"

అల్లుడు కాఫీ కప్పు వైపు చూశాడు. కాలేజీ నుంచి నిన్న దిగిన పిల్లల్ని అనుభవం ఉన్నవాళ్లని చెప్పి క్లయింట్లకు ఎట్లా అంటగడతారో, ఒకసారి మేడ మీద నాకు నవ్వుతూ వివరించింది అతనే.

ఓనరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "అంటే గిట్లనే చేస్తరా మీరంత?" అన్నాడు.

కొత్త వకీలును ఓనరే చూసుకున్నాడు, వారం పాటు కోర్టులో వెనక బెంచీలో కూర్చుని. నడివయసు ఆవిడ. ముందు సందు చూడాలని స్కూటర్ మీద వచ్చి, చివరి దాకా నడిచి వెళ్లింది. కోర్టు తరఫున ఒకరిని పంపి ఈ దారిని పరిశీలింపజేయమని జడ్జిగారిని అడుగుతానంది. అయితే అదే కేసులో ఆమె వకాలత్ వేయాలంటే, అభ్యంతరం లేదని పాత వకీలు సంతకం పెట్టాలి. పెట్టకపోతే కోర్టు అనుమతి కోసం మరో పిటిషన్ వేయాలి, దానికి మరో వాయిదా పడుతుంది.

సంతకం కోసం ఓనరు తిరుగుతూనే ఉన్నాడు. సారు మీటింగులో ఉన్నారు, వచ్చే వారం రమ్మని నిన్న కూడా చెప్పి పంపారు. గోడ నడుము ఎత్తు దాటింది.