పక్షుల వాటా

చొప్పదండి దాటాక, పొలాల అంచున ఒక బోడిబండ ఉంది. తొంభై ఆరులోనో ఏడులోనో అక్కడ అహరోనుతో కలిసి బీడీ తాగాను. చచ్చిన గొడ్ల తోలు తీయడం అతని పని. తోలు అతనిది, మిగిలిందంతా బండమీద వదిలేస్తాడు. వాళ్ళింట్లో దాన్ని ‘పక్షుల వాటా’ అంటారు. దాన్ని పూడ్చడమంటే విస్తరి ముందు కూచున్నవాణ్ణి లేపినట్టే.

“మా బాపు ఉన్నప్పుడు గొడ్డు వడ్డదంటే మొగులంత రాబందులే” అన్నాడు.

ఇప్పుడు ఒక్కటీ లేదు. పశువులకిచ్చే నొప్పిమందు వల్ల పోయాయని అప్పటికి మాకెవరికీ తెలియదు. రైతు హనుమండ్లు ఎగతాళి చేసేవాడు:

“అహరోనూ, నీ పక్షులు కరీంనగర్ల సినిమాకు పోయినయా ఏంది?”

“ఆకలైతే గవ్వే వస్తయి పటేలా.”

వాటా వృథా పోలేదు. కుక్కలు తిన్నాయి. వాటి ఈతల్లో పిల్లలన్నీ బతికాయి. పంచాయతీ వాళ్ళు ఒకసారి మందుపెట్టి చంపించినా, మరుసటి వానాకాలానికి మళ్ళీ అన్నే. ప్రాణుల సంఖ్య గురించి నేను చదివిన లావుపాటి పుస్తకాల సారం కూడా ఇంతే: తిండి మిగిలినచోట ఖాళీ నిలవదు. గాదెలో ఎలుకలైనా, చెరువులో చేపలైనా అంతే. సరే, బండ దగ్గరికి వద్దాం.

అహరోను మనవరాలు ఎస్తేరు ఆ దారినే బడికి పోయేది. అతని భార్య రిబ్కమ్మకు అదే దిగులు.

“పోరి గా తొవ్వనే పోతది. కుక్కలకు దావత్ బంద్ చెయ్యి. గుంత తీసి పూడ్చు.”

“రేపు రాబందులొస్తే ఏం తింటయే? మా బాపు ఆపలే, నేనాపుతనా?”

మళ్ళీ నేను ఆ వైపు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఒక పొద్దున ఎస్తేరు నీళ్ళ చెంబు చూసి వణికిపోయిందట. మడమ మీద మానిన కుక్కకాటు అప్పుడు చూశారు.

“ఎన్నడు గరిచిందే బిడ్డా?”

“బొడ్డు సుట్టు సూదులేస్తరని చెప్పలే తాతా.”

పెద్దాసుపత్రిలో ఇక చేసేదేమీ లేదన్నారు. చర్చి వెనక పాతిపెట్టారు.

ఆ వారమే హనుమండ్లు ఎద్దు చచ్చింది. అహరోను కత్తి తేలేదు, గడ్డపార తెచ్చాడు.

“తోలు తియ్యవా?” హనుమండ్లు మెల్లగా అడిగాడు. అహరోను తవ్వడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి గుంత అతని భుజాలదాకా వచ్చింది. చుట్టూ కుక్కలు కూచున్నాయి. రిబ్కమ్మ గట్టున నిలబడి చెయ్యి చాపింది.

“సాలయ్యా. ఎక్కిరా.”

“కుక్కలు తోడుతయే” అన్నాడు అహరోను, గడ్డపార ఎత్తుతూ. “ఇంక లోతు వోవాలె.”