పిన్ని మింగిన ఆరేళ్ళ గ్యాస్ బిళ్ళలు

మా పల్నాటిలో పొట్టకొచ్చే జబ్బు ఒక్కటే, దాని పేరు గ్యాస్. గుండెల్లో మంటైనా గ్యాసే, తేన్పొచ్చినా గ్యాసే, అత్తాకోడళ్ళకు మాటల్లేకపోయినా గ్యాసే. రొంపిచెర్ల దగ్గర మా ఊళ్ళో పదిహేనేళ్ళుగా వైద్యం చేస్తున్న నేను ఆ పేరును సరిదిద్దాల్సింది పోయి, చక్కగా దానికో బిళ్ళ రాసిస్తూ వచ్చాను. పరగడుపున ఒకటి వేసుకో, కారం మానెయ్. ఈ రెండు ముక్కలు చెప్పడానికి అంత చదువెందుకని మా ఆవిడ అడిగేది. ఆవిడకేం తెలుసులే అనుకునేవాణ్ణి.

మా వీధిలో ఒక పిన్ని ఉంది. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పటి నుంచీ అలా పిలవడం అలవాటు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోతుంది. ఆమెకు పొట్టలో మంట. మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ రెండు ముక్కలే చెప్పాను.

"మిరపకాయల్లో కూర్చుని పనిచేసేదాన్ని కారం తినొద్దంటావేంది అబ్బాయ్! మరేం తిని బతకాల?" అంది.

"పెరుగన్నం."

తిన్నది పాపం, ఆరేళ్ళు. బిళ్ళ వేసుకున్నన్నాళ్ళు కాస్త నయంగా ఉండేది, ఆపితే మళ్ళీ మంట. మళ్ళీ వచ్చేది, మళ్ళీ రాసేవాణ్ణి. "దొంగతనంగా పచ్చడి తింటున్నావు కదూ?" అని పది మంది ముందు వేళాకోళం కూడా చేసేవాణ్ణి. ఆమె ఒట్టేసినా నమ్మలేదు. పోయిన ఏడాది కాయలు వచ్చే రోజుల్లో మంట ఎక్కువై, వారానికి నాలుగు రోజులు పనికి పోలేకపోయింది. ఇక మానేస్తానంది. ఆ కూలి తప్ప ఆమెకు ఇంకో ఆధారం లేదు.

అప్పుడే గుంటూరులో మెడికల్ పీజీ చేస్తున్న మా మేనకోడలు సెలవుకు వచ్చి, ఓ పూట నా క్లినిక్‌లో కూర్చుంది. పిన్ని చీటీలన్నీ తిరగేసి, "మావయ్యా, హెచ్ పైలోరీ చూశావా?" అంది. పొట్ట లోపలి పొరలో కాపురం పెట్టి పుండ్లు చేసే సూక్ష్మజీవి అది. నాకు తెలియక కాదు. కాలేజీలో దాని మీద ప్రశ్న వచ్చింది, మార్కులూ వచ్చాయి. ఆ తర్వాత దాని దారి దానిది, నా దారి నాది.

పంతం కొద్దీ మర్నాడే పరీక్ష చేయించాను. చిన్న డబ్బా ఇచ్చి మలం పట్టి తెమ్మంటే పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "మంట పైనుంటే డబ్బా కిందికా? ఏం చదువయ్యా నీది!"

రిపోర్టులో ఏమీ లేదని వచ్చింది. అబ్బో, నా సంబరం చూడాలి! ఫోటో తీసి మేనకోడలికి పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"గ్యాస్ బిళ్ళ ఆపి ఎన్నాళ్ళయ్యాక చేయించావు?"

"ఆపడం దేనికి?"

"రెండు వారాలన్నా ఆపాలి మావయ్యా. అది వేసుకుంటుంటే ఇన్ఫెక్షన్ ఉన్నా టెస్టులో దొరక్కపోవచ్చు."

దొంగను నేనే చాటున దాచి, ఊళ్ళో దొంగే లేడని చాటింపు వేశానన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను.

బిళ్ళ ఆపించి రెండు వారాలయ్యాక మళ్ళీ చూస్తే పట్టుబడింది. పద్నాలుగు రోజుల కోర్సు, పూటకు గుప్పెడు మందులు. ఐదో రోజుకే "మంట పోయింది, నోరంతా చేదు, ఇక చాల్లే" అంది పిన్ని. పొద్దునా సాయంత్రం వాళ్ళింటికి పోయి నేనే దగ్గరుండి మింగించాను. కోర్సు ముగిశాక నెల దాటనిచ్చి మళ్ళీ పరీక్ష చేయిస్తే ఇన్ఫెక్షన్ లేదు. పిన్ని రోజూ పనికి పోతోంది.

ఆ రిపోర్టు ఇవ్వడానికి ఆమెను క్లినిక్‌కి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పాను. "పిన్నీ, తప్పు కారానిది కాదు, నీది కాదు. నాది. మొదట్లోనే చూడాల్సింది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననీ అనుకున్నాను.

"ఆరేళ్ళు నా నోరు కట్టేశావు గదయ్యా! చానా మంచోడివి," అని నవ్వి, రిపోర్టు మడిచి బొడ్లో దోపుకుంది. లేచి వెళ్ళబోతూ తలుపు సందులోంచి బయటికి చూసింది. బల్ల మీద నలుగురు కూర్చుని ఉన్నారు, ఏళ్ళ తరబడి నా బిళ్ళ మింగుతున్నవాళ్ళే.

"మరి వీళ్ళకో?" అంది.

నా మాట కోసం ఆగకుండానే తలుపు బార్లా తీసింది.

"అందరూ లోపలికి రండర్రా! ఇందాక నాకు చెప్పిన మాట డాక్టరు మీక్కూడా చెప్తాడంట."