పక్కకు తిప్పమన్న మూలుగు

"నాన్నని పక్కకి తిప్పకుండా ఎంతసేపు కూర్చున్నావురా?"

అక్క అడిగిన ఈ ప్రశ్నకు చప్పుళ్ళాయన దగ్గర కచ్చితమైన జవాబుంది. రికార్డరు మీద నిడివి పడుతుంది కదా. అయినా చెప్పలేదు.

వీడియో గేములకు చప్పుళ్ళు తయారు చేయడం అతని పని. వీధిలో ఆ పేరు అందుకే. ఏళ్ళ తరబడి భాగాలు భాగాలుగా వస్తున్న ఒక దయ్యాల గేముకు రెండో భాగం నుంచీ చప్పుళ్ళన్నీ అతనివే. ఎముక విరగాలంటే క్యాబేజీ కాడ విరుస్తాడు. మాంసం చీలాలంటే తడి తువ్వాలు నేలకేసి కొడతాడు. "శవాలకి పోగా మిగిలిందే మాకు కూర" అని భార్య వచ్చినవాళ్ళతో అంటుండేది.

మొదటి భాగాల్లో భయపెట్టడానికి పెద్దగా ఏమీ అక్కర్లేకపోయింది. చీకటి వసారా, చేతిలో రెండే తూటాలు, ఎక్కడో కిర్రుమనే తలుపు. చాలు. తర్వాత తూటాలు పెరిగాయి, హెలికాప్టర్లు దిగాయి, ఆరో భాగానికి దయ్యం కనిపిస్తే ఆడేవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. అమ్మకాలు పడిపోయాయి. కంపెనీకి బుద్ధి వచ్చిందని కాదు గానీ భయమైతే వేసింది. ఏడో భాగంలో హంగులన్నీ పీకేసి ఒక్క ఇల్లు ఉంచారు. అందులో మంచాన పడ్డ ఒక ముసలాయన. ఆడేవాడు ఇల్లంతా తిరుగుతున్నంతసేపూ గోడల వెనక నుంచి ఆయన మూలుగు వినపడుతూ ఉండాలి.

"నటనలా ఉండకూడదు గురూ, నిజంగా ఉండాలి" అన్నాడు ఫోన్లో కంపెనీ సౌండ్ డైరెక్టరు. చప్పుళ్ళాయన నటుల్ని పిలిపించి మూలిగించాడు. డైరెక్టరు అందర్నీ తిప్పికొట్టాడు.

అప్పటికి పక్షవాతం వచ్చిన తండ్రి అక్క ఇంట్లో ఉన్నాడు. మాట పోయింది, మూలుగు మిగిలింది. ఒకేవైపు పడుకోబెడితే ఒళ్ళు పుండవుతుంది. నొప్పి పుట్టగానే ఆయన మూలిగేవాడు; వినగానే ఎవరో ఒకరు వెళ్ళి పక్కకు తిప్పేవారు. ఆ ఇంట్లో దానికి చర్చ లేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే, ముందు నాన్న.

ఒక మధ్యాహ్నం మందుల షాపుకు వెళుతూ అక్క "చూస్తుండరా" అంది. అతని సంచిలో ఎప్పటిలాగే రికార్డరు ఉంది. మూలుగు మొదలైంది. లేచాడు. లేచి ఫ్యాను ఆపాడు. కిటికీ మూశాడు. మైకు దిండు పక్కన పెట్టాడు. మధ్యలో వీధిలోంచి హారన్ పడింది, పనికిరాదు. "ఒక్క నిమిషం నాన్నా" అన్నాడు. ఆ మాట కూడా రికార్డయిందని విసుక్కుని మళ్ళీ మొదలుపెట్టాడు. తండ్రి కళ్ళు అతని మీదే ఉన్నాయి. మూలుగు సన్నబడి, కీచుగా మారి, ఇక అడగడం మానేసినట్టు ఆగిపోయింది. కావలసింది సరిగ్గా అదే. అప్పుడు తిప్పాడు.

ఇలాంటి చోటికి కళ అనే మాటను లాక్కొస్తుంటారు. లాగకండి. ఇల్లు గడవడం కోసమనీ అనకండి. అతని ఇల్లు బాగానే గడుస్తోంది. మంచి శబ్దం దొరికింది, వదులుకోలేకపోయాడు. అంతే.

ఏడో భాగం ఆ మూలుగు మీదే నిలబడింది. అది బజారులోకి వచ్చేసరికి తండ్రి లేడు. చివర్లో మామయ్య పేరు పడుతుందని మేనకోడలు కొనుక్కొచ్చి హాల్లో ఆడుతోంది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న అక్క కత్తితోనే పరుగెత్తుకొచ్చింది. టీవీ వైపు చూడనైనా చూడకుండా హాలు దాటి తండ్రి గదిలోకి వెళ్ళింది. మంచం లేదు. వెనక్కి వచ్చి టీవీ ముందు నిలబడింది.

"అమ్మా, గేమే!" అంది పిల్ల.

"తెలుసు. ఆపకు."

ఆఖరిదాకా విని తమ్ముణ్ణి రమ్మని ఫోన్ చేసింది. వచ్చాక కూర్చోమనలేదు.

"అది నాన్న గొంతు. నేను పోల్చుకోలేననుకున్నావా? కానీ నా ఇంట్లో నాన్న ఎప్పుడూ అంతసేపు మూలగలేదు."

ఆ తర్వాతే ఆ ప్రశ్న.

"తీయించెయ్. నన్నింకేమీ అడగకు, నాకింకేమీ చెప్పకు."

డైరెక్టరుకు ఫోన్ చేశాడు. "తీసేసి ఏం పెట్టమంటావు గురూ? జనం దానికే హడలి చస్తున్నారు. సరే, అలాంటిదే ఇంకోటి పంపు, మారుస్తాం."

చప్పుళ్ళాయన తన మంచం మీద ఒకే పక్కకు పడుకున్నాడు. భుజం తిమ్మిరెక్కి, నడుం పట్టేసి, నొప్పి పుట్టేదాకా కదల్లేదు. అప్పుడు మూలిగి, రికార్డు చేసి పంపాడు. గుమ్మంలో నిలబడి చూసిన భార్య క్యాబేజీ జోకు వేయలేదు.

జవాబు వెంటనే వచ్చింది. "నటనలా ఉంది గురూ."

ఎనిమిదో భాగంలోనూ తండ్రి మూలుగే ఉంది. మేనకోడలు సౌండ్ ఆపేసి ఆడుతుంది. అక్క పలకరిస్తుంది, అన్నం పెడుతుంది. మొన్న పిల్లకు జ్వరమొస్తే చూడ్డానికి వెళ్ళాడు.

"నువ్వెళ్ళి మందులు తెచ్చుకో అక్కా, నేను చూస్తుంటాలే."

"వద్దులే. పక్కింటావిడ తెస్తానంది."

ఏడో భాగం పనికి కంపెనీ ఇవ్వాల్సిన రెండో విడత సగం డబ్బు కోసం బిల్లు పంపాలి. అందులో ఏ శబ్దానికి డబ్బు అడుగుతున్నాడో రాయాలి. అతను పంపలేదు. ఆ సగం డబ్బు ఇంకా బాకీ ఉంది.