కొత్త కెర్నల్, పాత హెడర్లు

తప్పు దొరకబోతోందంటే షాహిస్తా చెప్పులు వదిలి కుర్చీలో కాళ్లు ముడుచుకుంటుంది. మిర్చి ఘాటుకు చున్నీ ముక్కుకు అడ్డం కట్టుకుని, మిర్చిలోంచి తాలుకాయలు ఏరినట్టు ప్రోగ్రాములోని ఒక్కో పంక్తినీ పైకి చదువుతుంది. గుంటూరు శివారులోని కోల్డ్ స్టోరేజీలో గదుల ఉష్ణోగ్రత చూపించే కంప్యూటర్ పని ఆమెది. పొద్దున దానికి కొత్త కెర్నల్, అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రామును, ఎక్కించింది. అప్పటి నుంచి గదుల్లోని సెన్సర్లు జవాబివ్వడం లేదు. బయట మిర్చి టిక్కీల బస్తాలతో వచ్చిన లారీలు ఎండలో ఆగిపోయాయి.

“ఏమ్మా, తెర మీద అంకెలు కనపడందే సరుకు దించనివ్వను,” అన్నాడు సూపర్‌వైజర్ కోటేష్.

“ఆగన్నా, దొరికింది! కెర్నల్ మార్చి, హెడర్ ఫైళ్లు పాతవే ఉంచేశాను.” సెన్సర్లన్నిటినీ కంప్యూటర్‌తో కలిపే తీగల దారిని, అంటే బస్‌ను, ఏ పేరుతో, ఏ నంబరుతో పిలవాలో చెప్పే ఫైళ్లవి. కొత్తవి పెట్టి, సెన్సర్ల ప్రోగ్రామును మళ్లీ తయారుచేసింది. తెర మీద ఒక్కో గదీ పలికింది. ఆమె వేళ్లు బల్ల మీద దరువేశాయి.

“నీ ఇష్టమొచ్చిన అంకెలు వేశావేమో, ఎవరికి తెలుసు?” అంటూ కోటేష్ బయటికి నడిచాడు. కాసేపటికి తెర మీద నాలుగో గది ఉష్ణోగ్రత మెల్లగా పెరగసాగింది. షాహిస్తా నవ్వుతూ వరండాలోకి పరుగెత్తింది.

“కోటేషన్నా! నాలుగో గది తలుపు తెరిచింది నువ్వేగా? చల్లదనమంతా పోతోంది, మూసేసి లారీలను రమ్మను!”