కారం తగలని గిన్నె

మా వంటింట్లో ఒక గిన్నెకు కారం తగలనివ్వను. నకరికల్లులో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ఒకామె వల్ల వచ్చిన అలవాటు అది.

ఆమె ఒళ్లో ఫ్లాస్కు ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా దాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటోంది. ఏమిటని అడిగాను.

"కూరగాయలు కాసిన తేట నీళ్లమ్మా. మా ఆయనకి గొంతు కేన్సరు. నరసరావుపేట ఆస్పత్రిలో ఉన్నాడు. రేడియేషను కరెంటు పెట్టినకాడి నుంచి ఇయ్యి తప్ప ఏందీ దిగట్లా," అంది.

సొరకాయ, క్యారెట్ పెద్ద ముక్కలుగా కోసి సన్న సెగ మీద కాయాలట. గరిటె పెట్టి తిప్పకూడదట. గుడ్డలో పోసి వాటంతటవే కారనివ్వాలి గానీ, పిండితే కలక బారతాయట.

"మొదట్లో చారు కాసే గిన్నెలోనే పెట్టా. మా ఇళ్లల్లో గిన్నెలకి కూడా కారం పట్టుంటదని నాకు తట్టలా. ఒక్క గుక్కకే గిలగిలా కొట్టుకున్నాడు. అప్పుడు కొత్త గిన్నె కొన్నా."

ఇంతలో ఆమె ఫోను మోగింది. "ఎప్పుడు పోయాడు?" అని మాత్రం అడిగి పెట్టేసింది. తర్వాత ఫ్లాస్కు మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. బస్సు కుదుపుకి నీళ్లు చీర మీద ఒలికాయి.

"నిన్న పట్టినయ్యి కూడా ఆ కొత్త గిన్నెలో కాసినయ్యేనమ్మా. వాసన చూడు, కారం లేదు కదా?"

"లేదు పిన్నీ," అన్నాను.

నరసరావుపేటలో దిగేముందు మళ్లీ అదే అడిగింది.