కలెక్టరమ్మ మేతసంచి

చెంచురామయ్య బతుకంతా పిట్టల్ని తోలడంతోనే గడిచింది. తోటపల్లి గూడూరు అవతల, ఉప్పుగాలి మొహాన కొట్టేచోట, రొయ్యల గుంటలకు ఆయన కాపలా. కొంగ వాలితే రేకుడబ్బా వాయించేవాడు. నీటికాకి మునిగితే టపాకాయ పేల్చేవాడు. రెక్క కనిపిస్తే చాలు, ఆయన నోట్లోంచి తిట్టు దానంతటదే వచ్చేది. అలాంటి మనిషి ఆ పొద్దున వాకిట్లో ఒక పెట్టకోడి ఎదురుగా గొంతుక్కూర్చుని, "తిను తల్లీ, ఇంకొంచెం తిను" అని బతిమాలుతుంటే పక్కింటి హజరాబీ గోడ మీంచి చూసి, నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ కోడి ఆయన భార్య ఆదిశేషమ్మది. ఆమె ఆ ఎండాకాలంలో, మంచాన పడి ఎవరితోనూ చేయించుకోకుండా, మధ్యాహ్నం కునుకులోనే పోయింది. ఆమె పెంచిన కోళ్లలో కొన్ని దినాలకు వచ్చిన చుట్టాల కూరకుండలోకి పోయాయి, కొన్ని తెగులుకు పోయాయి. మిగిలింది ఈ ఎర్ర పెట్ట ఒక్కటే. రొమ్ము ముందుకు తోసుకుని, ఒక్కో అడుగూ ఆచితూచి వేస్తూ, వీధిలో ప్రతి వాకిలీ తనిఖీ చేసి వస్తుందని ఆదిశేషమ్మ దానికి కలెక్టరమ్మ అని పేరు పెట్టింది. ఆమె నోటితో పేరు పెట్టిన ప్రాణి ఆ ఇంట్లో ఇంకేదీ లేదు.

సాయంత్రం కోళ్లను గంప కింద మూసే ముందు ఆదిశేషమ్మ ఒక్కోదాన్నీ పట్టుకుని మెడ కింద మేతసంచిని తడిమి చూసేది. కోడి తిన్నది ముందు ఆ సంచిలో నిలవై, తర్వాత మెల్లగా లోపలికి దిగుతుంది. ఆమె పోయాక ఆ తడిమి చూడడం చెంచురామయ్య చేతికి వచ్చింది. సాయంత్రం తడిమితే నిండుగా ఉంది. పొద్దున తడిమితే అప్పుడూ నిండుగానే ఉంది. ఆయనకు మహా సంతోషమైంది. ఎందుకు కాదు? రొయ్యను పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తే వీపు మీద పేగు నల్లగా, తెగకుండా నిండి ఉండాలి. అలా ఉంటే గుంట క్షేమంగా ఉన్నట్టు. పేగు ఖాళీ అయిందంటే జబ్బు తగిలినట్టే, యజమాని మొహం మాడినట్టే. ఇన్నేళ్లూ ఆయన నేర్చిన విద్య అదొక్కటే. ఆ లెక్కన కలెక్టరమ్మంత ఆరోగ్యవంతురాలు ఆ వీధిలోనే లేదు. పైగా చినిగిన బస్తాల్లోంచి ఒలికిన రొయ్యల మేత గుళికలు తువ్వాల్లో మూటగట్టుకొచ్చి మరీ పెడుతున్నాడు. చేపపొడి కలిసిన మేత, మంచి బలం. ఆ ఎండు గుళికలు మింగి కోడి పళ్లెంలో నీళ్లన్నీ తాగేసేది.

ఇప్పుడు అదే కోడి మెడ ఒక పక్కకు ఒంచి, ఈకలు ఉబ్బించుకుని, గోడ మూల నిలబడి ఉంది.

"ఏందన్నా, పిట్టల్ని తోలే నోటితో జోలపాట పాడతుండావు?" అంది హజరాబీ.

"మేత ముట్టట్లేదు చెల్లా. తిండికేం తక్కువ చెయ్యలా. చూడు, సంచి ఎంత నిండుగా ఉండాదో."

"పొద్దున్నే నిండుగా ఉండేదేంది?" ఆమె ఇవతలికొచ్చి కోడిని పట్టుకుని తడిమింది. "ఇది సంచేనా, రోకలిబండా? రాత్రి తిన్నది తెల్లారేసరికి దిగిపోవాల. ఏం పెట్టినావు దీనికి?"

"రొయ్యల మేత."

"ఎందుకు, ఇది ఈదతా ఉండాదా?"

"బలం గదా అని."

"నీళ్లు తగిల్తే అది ఉబ్బుద్దా లేదా అన్నా?"

ఉబ్బుతుందన్న సంగతి ఊళ్లో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చెంచురామయ్య తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"సాయంత్రానికి మా ఇంటాయన్ని రమ్మంటా," అంది హజరాబీ. "ఊపిరి ఉండగానే కోసుకోవాల. దానంతటది చచ్చిందంటే మాకూ పనికిరాదు, మీకూ పనికిరాదు."

ఆ వీధి పద్ధతే అంత. జబ్బు చేసిన కోడిని చావనివ్వరు. తల వాల్చకముందే హజరాబీ మొగుడు దరియావలి కత్తి పట్టుకొస్తాడు, దేవుడి పేరు తలచుకుని కోస్తాడు, కూర రెండిళ్లలోనూ ఉడుకుతుంది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. చెంచురామయ్య కూడా ఎన్నోసార్లు ఆ కూర తిని బాగుందన్నవాడే.

"కోసేది లేదు," అన్నాడు.

"వదిన ఉన్నా అదే చెప్పేది."

"చెప్పేది కాదు." అంత గట్టిగా అన్నాడు గాని, ఆమె ఏం చెప్పేదో ఆయనకూ తెలియదు.

హజరాబీ కోడిని ఆయన చేతికిచ్చి, కాసేపు ఆలోచించి, "వదిన ఏదో వైద్యం చేసేది. నాకు సగం సగమే గుర్తు. నువ్వు ఇంట్లోనే ఉండేవాడివి గదా, ఏం చేసేది?" అని అడిగింది.

చెంచురామయ్య అరుగు మీద కూర్చుని బుర్ర గోక్కున్నాడు. ఆమె కోళ్లకు ఏం చేస్తుందో ఆయన ఏనాడూ చూడలేదు. ఆయనకు గుర్తున్నదల్లా ఆ సమయాల్లో తాను సణిగిన సణుగుడు.

"ఒకసారి నూనెసీసా అడుగంటిందని అరిచినా. నా తలకు లేని కొబ్బరినూనె కోడి గొంతులోకా అని."

"అయితే నూనె పొయ్యాల. ఇంకేం అరిచినావు?"

"నాకని కాచిన నీళ్లు దానికి తాపిందని అరిచినా."

"గోరువెచ్చని నీళ్లు. ఇంకా?"

"ఒకరోజు దాన్ని ఒళ్లో పెట్టుకుని సంచి నిమరతా కూర్చునింది. నాకు అన్నం పెట్టలా. ఆ పొద్దు శానా అరిచినా."

"అరువన్నా, అరువు," అంది హజరాబీ. "నువ్వు అరిచేకొద్దీ మందు బయటికొస్తా ఉండాది."

తన సణుగుడు ఎవరికైనా పనికొస్తుందని చెంచురామయ్య కలలో కూడా అనుకోలేదు. లేచి నూనెసీసా తెచ్చాడు. హజరాబీ కోడి ముక్కు తెరిచి పట్టుకుంటే, పక్కనుంచి చుక్క చుక్కగా వేశాడు. కలెక్టరమ్మ తల విదిలించింది. వేసినదాంట్లో సగం ఆయన కళ్లద్దాల మీద పడింది. తర్వాత చెంచాతో గోరువెచ్చని నీళ్లు తాపి, ఒళ్లో పెట్టుకుని సంచి పిసకడం మొదలుపెట్టాడు. కోడి కీచుమంది.

"చపాతీ పిండి గాదన్నా అది. మెల్లిగా."

డబ్బా వాయించిన చెయ్యి. మెల్లిగా అన్నది దానికి అలవాటు లేదు. అయినా నేర్చుకుంది.

మధ్యాహ్నం తిరిగాక దరియావలి కత్తిని కాగితంలో చుట్టుకుని వచ్చాడు. "ఏమంటుండాది బావా కలెక్టరమ్మ?"

"ఇంకా చార్జిలోనే ఉండాది."

దరియావలి నులకమంచం మీద చతికిలబడి ఫోను తీశాడు. కాసేపటికి, "ఇందులో ఒకాయన కోడిని కాళ్లు పట్టుకుని తలకిందులు చేసి పిండమంటుండాడు బావా," అన్నాడు.

"వద్దు. సంతలోంచి ఒకసారి అట్ట వేలాడదీసుకొస్తే మీ చెల్లెలు నన్ను వాకిట్లోనే నిలబెట్టి తిట్టింది. లోపలుండేది ఊపిరిగొట్టంలోకి జారిందంటే అక్కడికక్కడే పోతాదంట."

"నీకు పడిన తిట్లు కూడా మందులేనా?" అంది హజరాబీ.

ముగ్గురూ నవ్వారు. నవ్వుతుండగానే కోడి కళ్లు మూతపడ్డాయి. మెడ చెంచురామయ్య మోకాలి మీదికి వాలింది. దరియావలి లేచి కాగితం విప్పాడు.

"బావా, ఇంక ఆలస్యం చేస్తే మన చేతిలో ఉండదు."

చెంచురామయ్య తలెత్తలేదు. బొటనవేలు సంచి మీద అలాగే తిరుగుతోంది.

"ఇప్పుడు కొయ్యనియ్యవు. చచ్చిందంటే ఏం చేస్తావు?"

"పాతిపెడతా. నువ్వు కూర్చో."

దరియావలి హజరాబీ వంక చూశాడు. ఆమె నూనెసీసా మూత మళ్లీ తీస్తోంది. ఆయన కత్తిని నీళ్లబాన వెనక, కోడికి కనిపించకుండా పెట్టి, మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి తనే వంగి కోడి కాళ్లు కదలకుండా పట్టుకున్నాడు.

ఇంకోసారి నూనె, ఇంకోసారి నీళ్లు. గోడ నీడ వాకిలి దాటి వీధిలోకి పోయింది. అప్పుడు చెంచురామయ్య వేలి కింద ఆ గట్టి ముద్ద తడిసిన మట్టిబెడ్డలా ఒక పక్క విరిగింది. లోపల ఏదో గుళగుళమంది. కోడి కళ్లు తెరిచి, మెడ సాచి గుటక వేసింది. దరియావలి పట్టుకున్న కాళ్లు మెల్లిగా వదిలాడు.

గంప కింద పెట్టబోతూ అలవాటు కొద్దీ గింజలకు చెయ్యి చాచాడు. హజరాబీ చూసింది. "దీనికి కూడా ఏదన్నా అరిచి ఉంటావు, గుర్తు చేసుకో."

గుర్తొచ్చింది. అప్పట్లో ఒకసారి, వైద్యం చేసిన రాత్రి గంప కింద కోడి మొత్తుకుంటుంటే, దాని మొహాన నాలుగు గింజలు పడెయ్యి అన్నాడు తను. అది ఈ పూట పస్తు, నువ్వు నోరు మూసుకుంటే మేలు అంది ఆదిశేషమ్మ. గింజలు డబ్బాలో పోసేసి గంప మూశాడు. ఆ రోజు చేసిన పనులన్నిటిలోకీ ఆయనకు అదే కష్టమైంది. ఆమె పోయాక ఒకరికి ఇంత పెట్టడమన్నది ఆ కోడితోనే మిగిలింది.

తెల్లవారుతుండగా గంప ఎత్తాడు. కలెక్టరమ్మ నిలబడే ఉంది. పట్టుకుని మెడ కింద చెయ్యి పెట్టాడు. చేతికి ఏమీ తగల్లేదు. వదులుగా చర్మం, దాని కింద వెచ్చదనం, అంతే. నమ్మకం కుదరక చెయ్యి మార్చి మళ్లీ తడిమాడు.

"చెల్లా," అని గోడ దగ్గరికెళ్లి మెల్లిగా పిలిచాడు. "ఖాళీ."

"ఏం లేదా?"

"ఏం లేదు."

హజరాబీ దువా చేసినట్టు అరచేతులతో మొహం తడుముకుంది. లోపల్నుంచి దరియావలి గొంతు వినిపించింది. "ఆదివారం పూట మరి కూరేంది?"

"పప్పు," అంది హజరాబీ. "లేచి కందిపప్పు తెచ్చియ్యి."

చెంచురామయ్య గుప్పెడు బియ్యం తీసి, అందులో కాసిని నానబెట్టి కోడి ముందు వేశాడు. అది ఊడ్చినట్టు తిని ఆయన వంక చూసింది. ఇంకా కావాలని కాలి బొటనవేలు పొడిచింది. ఆయన చెయ్యి పళ్లెం దాకా పోయి ఆగింది.

"చాలు," అన్నాడు.

కలెక్టరమ్మ ఇంకో పోటు పొడిచి చూసింది. లాభం లేదని తెలిశాక రొమ్ము ముందుకు తోసుకుని వీధిలోకి నడిచింది. అది మలుపు తిరిగేదాకా చూసి, చెంచురామయ్య తన గుప్పిట్లో మిగిలిన బియ్యం చూసుకున్నాడు. లోపలికెళ్లి, ఆ బియ్యానికి ఇంకో గుప్పెడు కలిపి కడిగి, తనకు ఎసరు పెట్టుకున్నాడు.